పడుకుంటే బాగుపడే ఊరు

ఆ రోజు పొద్దున అతని పథకం చాలా సులువైనది. టిఫిను తిని, హాల్లో టీవీ ముందు కూర్చుని, కొత్తగా వచ్చిన వీడియో గేము మధ్యాహ్నం దాకా ఆడాలి. అన్నం తిని ఓ కునుకు తీయాలి. లేచి మళ్లీ ఆడాలి. వారాంతంలోగా ఆ ఆట ఎలా ఉందో రాసి, పదికి ఎన్ని మార్కులో వేయాలి. లోకంలో చాలామంది దీన్ని సెలవు అంటారు. అతనికి మాత్రం ఇది ఉద్యోగం.

ఆటల మీద సమీక్షలు వేసే ఆ వెబ్‌సైటులో అందరూ అతన్ని ‘ఏడున్నర’ అని పిలుస్తారు. ఏ ఆట చేతికిచ్చినా ఏడున్నర మార్కులే వేస్తాడు. ఎనిమిది వేస్తే తొమ్మిది ఎందుకు వేయలేదని అభిమానులు ఎగబడతారు. ఏడు వేస్తే తయారుచేసిన కంపెనీవాళ్లు మొహం మాడ్చుకుంటారు. ఏడున్నర దగ్గర ఎవరికీ సంతోషం ఉండదు, ఎవరికీ కోపమూ రాదు. “మన సైటుకి పట్టిన ఏడున్నరేళ్ల శని” అని వెనకాల నవ్వుకునేవాళ్లు నవ్వుకుంటూనే ఉన్నారు.

అయితే ఈసారి ఎడిటరమ్మ ముందే ఫోను చేసింది.

“నీ సమీక్ష చదివి ఎవరూ ఆట కొనట్లేదు, కొనడం మానట్లేదు. అసలు చదవట్లేదు. నీకు నిజంగా ఏమనిపిస్తే అది రాయి బాబూ. మళ్లీ ఏడున్నర అన్నావంటే నిన్ను ఫోను కవర్ల సెక్షనులో పడేస్తాను.”

ఫోను కవర్లు! నల్లవి, నీలంవి, అవతలి వైపు కనిపించేవి. చిన్నప్పట్నించీ అతనికి ప్రాణం ఈ ఆటలే. ఇవి కాకుండా మరో పని చేతనైనా మనసు పట్టదు.

ఇంట్లో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మామగారు వచ్చి ఉన్నారు. తమ ఇంటికి రంగులు వేయిస్తూ ఆ వాసన పడక కూతురింటికి వచ్చిన ఆయన, రోజంతా హాల్లోనే పేపరు పట్టుకుని కూర్చుంటారు. స్టేషన్ మాస్టరుగా రిటైరైన మనిషి. గుమ్మంలో చెప్పులు వంకరగా ఉంటే ఆయనకు ముద్ద దిగదు. అల్లుణ్ణి పల్లెత్తు మాట అనరు. కానీ “అల్లుడుగారు” అనేటప్పుడు చివర ఆ ‘గారు’ని ఎంత మెత్తగా పలికితే లోపల అంత మండిపోతున్నట్టు లెక్క.

“ఇవాళ కూడా ఆఫీసు పనేనా, అల్లుడుగారూ?” అన్నారు మామగారు, దూదిలా.

“అవును మామయ్యగారూ,” అన్నాడు ఏడున్నర, తెర మీద ఒక దయ్యం తల నరుకుతూ.

ఆట పేరు ‘కూలిన కోట’. ఒక రాక్షసుడు సర్వనాశనం చేసిన ఊళ్లోకి కథానాయకుడు గుర్రమెక్కి వస్తాడు. దయ్యాల్ని చంపుకుంటూ వెళ్లి చివరికి ఆ రాక్షసుణ్ణి చంపాలి. ఇలాంటివి ఏడున్నర చాలా ఆడాడు. మధ్యాహ్నం దాకా ఆడి, ఆవులించి, ఆటని ఉన్నచోటే నిలిపి, భోంచేసి లోపలికి వెళ్లి పడుకున్నాడు.

లేచి వచ్చి చూస్తే ఊరు మారిపోయింది. వీధికి అడ్డంగా పడి ఉన్న రాళ్లన్నీ గోడవారకి చేరాయి. దొర్లుతున్న పీపాలు బారుగా నిలబడ్డాయి. పట్టపగలు వెలుగుతున్న దీపాలు ఆరిపోయాయి. కోట గేటు మూసి ఉంది. ఏడున్నర కళ్లు నులుముకున్నాడు. కంట్రోలరు చేతిలోకి తీసుకుంటే కాస్త వెచ్చగా తగిలింది. నొప్పుల మందు వాసన కూడా వేసింది. అతనికి ఆ ధ్యాసే లేదు.

“మామయ్యగారూ, మీరేమైనా దీన్ని ముట్టుకున్నారా?”

పేపరు వెనక నుంచి మొహం పైకి రాలేదు. “నాకేం పనీపాటా లేదనుకున్నారా? ఆ దిక్కుమాలిన బొమ్మలాట నేను ముట్టుకోవడమేమిటి, అల్లుడుగారూ!”

మర్నాడు నిద్ర లేచేసరికి గుర్రాలన్నీ కట్టుకొయ్యలకి కట్టేసి ఉన్నాయి, ఆయుధశాలలో కత్తులు పొడుగు ప్రకారం సర్దుకున్నాయి. ఆ మర్నాడైతే నూతి దగ్గర తోసుకునే జనం బుద్ధిగా వరసలో నిలబడ్డారు. ఏడున్నరకి ఒళ్లు గగుర్పొడిచింది. ఇన్నేళ్లలో ఇలాంటి ఆట చూడలేదు. ఎవరినైనా అడుగుదామంటే లేదు. ఆట ఇంకా బజారులోకి రాలేదు కనుక విడుదలయ్యేదాకా సాటి సమీక్షకులతో కూడా దాని గురించి పెదవి విప్పకూడదని కంపెనీ షరతు.

అతను కూర్చుని ఒక్క ఊపున రాశాడు. ‘మనం కళ్లు మూసుకున్నా ఈ ఊరు కళ్లు మూసుకోదు. తన గాయాలకి తానే కట్టు కట్టుకుంటుంది. ఆటగాడు పడుకుంటే బాగుపడే ఊరు ఇది.’ చివర మార్కుల దగ్గరికి వచ్చాడు. అలవాటుగా ఏడున్నర వైపు వెళ్లబోయిన వేలిని బలవంతాన పక్కకి లాగి, పదికి పది వేశాడు. వేశాక ఏడుపొచ్చినంత పనైంది.

సమీక్ష గుప్పుమంది. కంపెనీవాళ్లు ఆ వాక్యాలు పెద్దపెద్ద అక్షరాల్లో పోస్టర్ల మీద వేయించారు. “ఈ పడుకుంటే బాగుపడే ఏర్పాటు ఎవరు చేశారయ్యా?” అని కంపెనీ పెద్దాయన మురిసిపోతూ అడిగితే, ఒక ప్రోగ్రామరు ఏమీ ఎరగకపోయినా వినయంగా తల వంచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక ఆ తల ఎత్తే వీలు లేకపోయింది.

జనం ఆట కొనుక్కుని ఇళ్లకి వెళ్లి పడుకున్నారు. లేచారు. ఊరు ఎక్కడిదక్కడే ఉంది. మళ్లీ పడుకున్నారు. సైటు కింద వ్యాఖ్యలు వరదలా వచ్చిపడ్డాయి. ‘రెండు రోజులుగా నిద్రపోతున్నాను. నా ఊరు బాగుపడలేదు గానీ నా ఉద్యోగం పోయేలా ఉంది’ అని ఒకడు. ‘గురక పెట్టాలా, అక్కర్లేదా?’ అని ఇంకొకడు. సాయంత్రానికి అందరి మాటా ఒకటే అయింది, ఏడున్నర కంపెనీ దగ్గర మేసి రాశాడని.

ఎడిటరమ్మ పొద్దున్నే ఇంటికొచ్చేసింది. ఆమె వెనకే ఆ ప్రోగ్రామరు కూడా దిగాడు. లోకం మొత్తం మీద ఆ ఏర్పాటు పనిచేసిన ఇల్లు ఇదొక్కటే కనుక, అదెలా పనిచేసిందో తెలుసుకుని రమ్మని పెద్దాయన పంపాడు.

“నువ్వు అమ్ముడుపోయావంటున్నారు. నేను నమ్మట్లేదు. కానీ నమ్మకపోవడానికి నాకూ ఒక కారణం చూపించాలి కదా,” అంది ఎడిటరమ్మ సోఫాలో కూలబడుతూ. “మామూలుగా నువ్వేం చేస్తావో అదే చెయ్యి.”

“పడుకుంటాను మేడమ్.”

“అయితే పడుకో.”

పై అధికారి ఎదుట, పరాయి కంపెనీ మనిషి ఎదుట, ఏడున్నర హాల్లోనే చాప పరుచుకుని పడుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఉద్యోగం కోసం ఇంత శ్రద్ధగా ఎవరూ పడుకుని ఉండరు. టీవీలో ఊరు కనిపిస్తోంది. పడుకునే ముందు అతను ఆటలో గుర్రం మీద వచ్చి గేటు బార్లా తెరిచి వదిలేశాడు. గుర్రం నడివీధిలో నిలబడింది. ఒక పీపా అటూ ఇటూ దొర్లుతోంది. ఎడిటరమ్మ రెప్ప వేయకుండా చూసింది. ప్రోగ్రామరు మొహం తుడుచుకున్నాడు. మూలన మామగారి పేపరు మాత్రం ఉండుండి వణుకుతోంది.

ఎంతసేపు చూసినా గేటు గేటులాగే ఉంది, పీపా పీపాలాగే దొర్లుతోంది.

“చాలు, లే,” అంది ఎడిటరమ్మ నీరసంగా. “నీకిక ఫోను కవర్లు కూడా ఇవ్వలేను.”

ఏడున్నర లేచి కూర్చున్నాడు. “నేను చూసిందే రాశాను మేడమ్. ఇన్నాళ్లూ ఎవరికి ఎక్కడ కోపమొస్తుందో అని భయపడుతూ రాశాను. ఇదొక్కటే మనసారా నచ్చి రాశాను.”

మామగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆయన మొహం జేవురించింది. ఆ మాట విని ఆయనకు నిజంగానే సిగ్గేసింది. దానికి తోడు ఆ గేటు! లేచి వచ్చి అల్లుడి పక్కన చాప మీద కూర్చుని, కంట్రోలరు అందుకుని, గేటు మూశారు. గుర్రాన్ని కట్టేశారు. పీపాని తోసుకెళ్లి బారులో నిలబెట్టారు. ఎక్కడా తడుముకోలేదు.

“గేటలా తెరిచిపెట్టి మనుషులు ఎలా కూర్చుంటారమ్మా?” అన్నారు ఎడిటరమ్మతో. తర్వాత గొంతు తగ్గించి, “నేనే. రోజూ ఈయన పడుకున్నాక నేనే సర్దాను. దిక్కుమాలిన బొమ్మలాట అని తిట్టి, ఏ మొహం పెట్టుకుని చెప్పను?” అన్నారు.

ఏడున్నరకి ముందు కోపమొచ్చింది. తర్వాత, తనకంత నచ్చిన ఆట ఆడింది మామగారని తెలిసి ఏం చేయాలో తోచక, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

“మరి నూతి దగ్గర జనాన్ని వరసలో ఎలా నిలబెట్టారండీ?” అన్నాడు ప్రోగ్రామరు గుడ్లప్పగించి. “అలా నిలబడతారని మాకే తెలీదు!”

“కత్తి చూపించాను. నిలబడ్డారు.”

“రాక్షసుడో?”

“వాడి సంగతి తీరిగ్గా చూడొచ్చు. ముందు ఊరు సర్దాలిగా.”

ఉన్నది ఉన్నట్టు రాసి, పది మార్కులూ వెనక్కి తీసుకుంటూ ఏడున్నర క్షమాపణ వేశాడు. ఆ సైటులో అంతమంది చదివింది మరొకటి లేదు. తిట్టినవాళ్లే నవ్వారు. ఫోను కవర్ల మాట ఎడిటరమ్మ మళ్లీ ఎత్తలేదు.

కంపెనీ పెద్దాయన మాత్రం నవ్వలేదు. పోస్టర్ల మీద వేసేసిన మాట వెనక్కెలా తీసుకుంటామని, ప్రోగ్రామరుకి నిద్రాహారాలు లేకుండా చేసి, పడుకుంటే నిజంగానే ఊరు తనంతట తాను బాగుపడేలా ఆటని మార్పించాడు. కొత్త ఆట సమీక్ష కోసం వచ్చింది. వెనకే పెద్దాయన ఫోనూ వచ్చింది, “మీ మాట ప్రకారమే చేయించాం. పది మార్కులు ఎలాగూ మీ దగ్గర సిద్ధంగానే ఉన్నాయి కదా!” అని.

భోజనాలయ్యాక మామగారు ఉత్సాహంగా కూర్చున్నారు. రాళ్లు లేవు. పీపాలు బారుగా ఉన్నాయి. ఊరంతా తిరిగి తిరిగి ఆయన కంట్రోలరు కింద పెట్టేశారు.

“ఇందులో మనిషికి పనేముంది, అల్లుడుగారూ?” ఈసారి ‘గారు’ మెత్తగా లేదు, మామూలుగానే ఉంది.

“రాక్షసుణ్ణి చంపాలి కదా మామయ్యగారూ.”

“చంపి?”

ఏడున్నర ఆలోచించాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఈ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు, అతనూ ఏ ఆటనీ అడగలేదు.

“ఎన్ని వేద్దామంటారు?” అన్నాడు.

“ఒకటి చాలు.”

“బొమ్మలు బాగున్నాయి కదండీ.”

“సరే, వాటికో రెండు కలపండి.”

మర్నాడు సమీక్ష వచ్చింది. మార్కులు మూడు, సంతకాలు రెండు.