వెనక పలక

ఆ రోజు ఉదయం నూలు మేస్త్రి వేసుకున్న పథకం చిన్నదే. కూతురు నాలుగింటికి కాలేజీ నుంచి వచ్చేలోగా దాని కంప్యూటరు బిగించేయాలి. తెర వెలిగించి, పైన ఒక గుడ్డ కప్పి, తను ఏమీ ఎరగనట్టు టీ తాగుతూ కూర్చోవాలి. అంతే.

ఆయన వడ్రంగి. చేసిన తలుపులో నూలంత తేడా రానివ్వడని జనం పెట్టిన పేరు అది. వడ్రంగుల లెక్కలో నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మాట తక్కువ మనిషి. అడిగినదానికి ఊఁ అంటాడు, అడగనిదానికి అదీ అనడు.

ఆటలాడుకునే కంప్యూటరు కోసం కూతురు మూడు నెలలు కాగితం మీద తంటాలు పడింది. ఒక వస్తువు రాసి, అది భారమైతే కొట్టేసి, ఇంకోటి రాసి. ప్రాసెసర్లలో సొంతంగా తెర మీద బొమ్మ చూపించగలిగేది ఒక రకం, చూపించలేనిది ఒక రకం అనీ, చూపించలేనిదే చౌక అనీ, బొమ్మ సంగతి ఎలాగూ గ్రాఫిక్స్ కార్డు చూసుకుంటుందనీ తండ్రికి విడమరిచి చెప్పింది. ఆయన ఉలికి పదును పెడుతూ ఊఁ కొట్టాడు.

కార్డు మాత్రం పాతది తీసుకున్నారు. ఇచ్చింది మేస్త్రి బావమరిదే. వాడేసిన కంప్యూటరు సామాను బాగుచేసి అమ్మే కొట్టు అతనిది. పాత సరుకు అమ్మేవాడికి పెట్టుబడి నమ్మకమే. ఇతని కొట్లో పాడు వస్తువు ఉండదు అనిపించుకోవడానికి అతనికి ఎనిమిదేళ్లు పట్టింది.

జాబితాలో ఆఖరిది క్యాబినెట్టు. అక్కడ మాత్రం మేస్త్రి తలెత్తాడు.

"పెట్టెలు చేసేవాడి ఇంటికి రేకు డబ్బా తెస్తావా?"

అలా డబ్బా ఖర్చు మిగిలింది. దాని బదులు టేకు పెట్టె తయారైంది. మూలలు ఒకదాంట్లో ఒకటి పళ్లలా కూర్చుని, జిగురు లేకుండానే బిగిశాయి. కూతురు దాన్ని తడిమి తడిమి చూసుకుంది. ఆ రోజు కాలేజీకి వెళుతూ గుమ్మంలో ఆగి, "వెనక పలక మాత్రం నేనొచ్చాక బిగిద్దాం నాన్నా" అంది. ఆయన ఊఁ అన్నాడు.

పది గంటలకు వెనక పలక బిగించేశాడు.

బిగించేముందు ఆలోచించకపోలేదు. లోపలి మదర్‌బోర్డుకు వెనక వైర్లు పెట్టుకునే కన్నాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదానికీ కొలత తీసి చెక్కలో దారి చెక్కాడు. తీరా చూస్తే తెర వైరు పట్టే కన్నం బోర్డుకీ ఉంది, గ్రాఫిక్స్ కార్డుకీ ఉంది. ఒకే వైరుకు రెండు కన్నాలెందుకు? ఒకే వీధిలోకి రెండు గుమ్మాలు పెట్టమన్న ఇంటివాళ్లను ఆయన ఎంతమందినో వారించాడు. పైగా కన్నమంటే దుమ్ము. కార్డు ఉన్న వైపు చెక్కను నిండుగా వదిలేసి, ఉప్పు కాగితంతో నున్నగా రుద్దాడు.

తెర వైరు బోర్డు కన్నానికి తగిలించి స్విచ్చి వేయగానే ఫ్యాన్లు తిరిగాయి, లోపల నీలం దీపం వెలిగింది. తెర మాత్రం సిగ్నల్ లేదని ఒక ముక్క రాసి చీకటైపోయింది.

బావమరిదికి ఫోను చేశాడు. "తెర వైరు సరిగ్గా పెట్టావా బావా?" అని అడిగాడతను.

"సరిగ్గానా? పక్కన వెంట్రుక దూరదు."

అయితే కార్డు పట్టుకురమ్మన్నాడు. మేస్త్రి పక్క చెక్క విప్పి కార్డు తీసి, తువ్వాల్లో చుట్టుకుని బయల్దేరాడు. పక్కింటి దర్జీ ఎటని అడిగితే, "కార్డు చచ్చింది" అన్నాడు. ఆయన ఒక పూటకు మాట్లాడే మాటల్లో అవి రెండు. దర్జీ ఆ రెండింటికీ చేతులూ కాళ్లూ పెట్టాడు.

కొట్లో బావమరిది కార్డును తన కంప్యూటరుకు తగిలించి, వైరు దానికే పెట్టి చూపించాడు. బొమ్మ నిక్షేపంలా వచ్చింది. వైరు ఎక్కడ పెట్టాడో మేస్త్రి చూసి ఉంటే కథ అక్కడే ముగిసేది. కానీ ఆయన కళ్లు గోడనున్న అర మీద ఉన్నాయి. ఎడమ పక్క రెండు నూళ్లు కిందికి దిగి ఉంది. అది చూసిన మనిషికి ఇంకేదీ కనపడలేదు.

ఇంటికొచ్చి బిగిస్తే మళ్లీ చీకటే. రెండోసారి వెళ్లి మెమరీ ముక్కలు మార్చుకొచ్చాడు. మూడోసారి కరెంటు ఇచ్చే డబ్బా మార్చుకొచ్చాడు. ఒక్కో ప్రయాణానికి వీధిలో చూసేవాళ్లు పెరిగారు. మూడోసారికల్లా, సొంత బావకే చచ్చిన సరుకు అంటగట్టాడట అన్న మాట మేస్త్రి కంటే ముందే కొట్టు చేరింది. దర్జీ నోరు సైకిలు కంటే వేగం. ఇంట్లో భార్య, "మావాడు అలాంటివాడు కాదండీ" అని ఒకటికి పదిసార్లు అంది.

నాలుగోసారి వెళ్లేసరికి కొట్లో నలుగురున్నారు. కళ్లద్దాల ఆయన ఒకడు ఇలాంటి కార్డునే చేత్తో తిప్పి చూస్తున్నాడు. బావమరిది ఓపిగ్గా, "ఇంకోసారి చూద్దాం బావా" అన్నాడు. మేస్త్రి గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"మీ అక్కను చేసుకున్నవాణ్ణి. నాకే ఇలాంటిది ఇచ్చావంటే, బయటివాళ్ల గతేంటి?"

కళ్లద్దాల ఆయన చేతిలోది బల్ల మీద పెట్టి మెల్లగా బయటికి నడిచాడు. వెనకే మిగతా ముగ్గురూ. బావమరిది కాసేపు ఆ బల్ల వంకే చూశాడు. తరవాత మిట్టమధ్యాహ్నం కొట్టు షట్టరు దించాడు.

"పద బావా. ఇంటికే వచ్చి చూస్తాను."

వాళ్లు వెళ్లేసరికి దర్జీ గుమ్మంలోనే ఉన్నాడు, చేతిలో టేపుతో సహా. బావమరిది చెప్పులు విప్పుతుండగానే, పరీక్ష తొందరగా అయిపోయిందని కూతురూ వచ్చింది. పెట్టె చూసి మొహం విప్పారింది. వెనక్కి వెళ్లి వంగి చూసింది. చాలాసేపు లేవలేదు.

"నాన్నా, కార్డు కన్నం ఏది?"

"మూసేశా."

"ఎందుకు?"

"దుమ్ము."

"ఈ ప్రాసెసరుకు బొమ్మ చూపించడం రాదు నాన్నా. కార్డుకే పెట్టాలి వైరు. నేను మొన్న..." అని, మేనమామ మొహం చూసి ఆపేసింది.

మేస్త్రికి ఉలి గుర్తొచ్చింది. తను కొట్టిన ఊఁ గుర్తొచ్చింది. చెవులు వేడెక్కాయి. భార్య లోపలికి వెళ్లి వచ్చి, "ఇదిగోండి, ఉలి" అంది.

ఆయన కూర్చుని, తను నున్నగా రుద్దిన చెక్కలోనే కన్నం వేశాడు. ముప్ఫయ్యేళ్లలో మొదటిసారి గీత మీద ఉలి నిలవలేదు. కన్నం వంకరగా వచ్చింది. కూతురు వైరు అందులోంచి పెట్టింది. తెర మీద కొండలు, ఆకాశం, కత్తి పట్టుకున్న మనిషి కనిపించారు. అంత అందమైన బొమ్మ వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. దర్జీ ఎప్పుడు వెళ్లిపోయాడో తెలియదు. బావమరిది "కొట్టు తీయాలక్కా" అని, ఇచ్చిన మంచినీళ్లు ముట్టకుండా వెళ్లిపోయాడు. మేస్త్రి నేల మీది చెక్కపొట్టును అరచేత్తో ఒక చోటికి పోగుచేస్తూ కూర్చున్నాడు. పొట్టు అయిపోయాక కూడా చెయ్యి ఆగలేదు.

మర్నాడు సామాను సంచితో కొట్టుకు వెళ్లాడు. ఎవరినీ పలకరించకుండా అర విప్పి, ఎడమ పక్క రెండు నూళ్లు లేపి బిగించాడు. పని అయ్యాక మేస్త్రి నేలకేసి చూస్తూ అన్నాడు.

"తప్పు నాది. ఎవరి ముందు చెప్పమంటే వాళ్ల ముందు చెబుతా."

"నువ్వా, చెప్పడమా?" అన్నాడు బావమరిది. మొహం కొంచెం వదులైంది. "నీకు మాటలు రావు బావా. చెక్కి పెట్టు."

పెట్టెకు కొత్త వెనక పలక వచ్చింది. పాత పలక రెండు రోజుల్లో కొట్టు బోర్డయింది. ముత్యాల్లాంటి అక్షరాలు: 'సరుకు చచ్చిందనే ముందు, వైరు ఎక్కడ పెట్టారో చూసుకోండి.' ఒక మూలన వంకర కన్నం అలాగే ఉంది. పూడుస్తానంటే బావమరిది ఒప్పుకోలేదు.

మేస్త్రి నిచ్చెనెక్కి దాన్ని గోడకు బిగిస్తుండగా కళ్లద్దాల ఆయన మళ్లీ వచ్చాడు. తలెత్తి రెండుసార్లు చదివి, భలే ఉందే, ఎవరిదండీ ఈ మాట అని అడిగాడు.

"చెక్కినాయనదేనండి" అన్నాడు బావమరిది. "స్వానుభవం."

నిచ్చెన మీద మేస్త్రి, ఎప్పుడో బిగిసిపోయిన మరను ఇంకో మూడు చుట్లు తిప్పాడు.