బుధవారం వచ్చే అక్క

మా తమ్ముడు ఫెలేతీ నన్ను వరసగా ఆరు బుధవారాలు భోజనానికి పిలిచాడు. మావారు పోయిన ఏడాదిలో కూడా వాడు నన్ను మూడుసార్లే పిలిచాడు. అందులో రెండుసార్లు వాళ్లింట్లో కుళాయి పాడై మా ఇంటికి స్నానానికి వచ్చి, తల తుడుచుకుంటూ పిలిచినవే.

మేము టోంగా దీవులవాళ్లం. సిడ్నీకి పడమట పక్కపక్క వీధుల్లో ఉంటున్నాం. మనిషి వెడల్పు చూసి మా తమ్ముణ్ణి అందరూ బీరువా అంటారు. పని గోదాములో. మరదలు లూపే నోరు మాత్రం ఆ బీరువాకి తాళం లాంటిది.

మొదటి బుధవారం కొబ్బరిపాలు పోసిన చేమాకు పొట్లాలు పెట్టారు. మూడు తిన్నాను. ఏడున్నరకి లూపే టీవీ పెట్టబోతే తమ్ముడు అడ్డుపడ్డాడు. అక్క కూర్చుని ఉండగా టీవీ ఏమిటన్నాడు. నిజమే, మాలో అక్కాతమ్ముళ్లు ఒక గదిలో కూర్చుని టీవీ చూడరు. ఏ నిమిషాన ఏ ముద్దు ఊడిపడుతుందో ఎవరికి తెలుసు? పోనీ నేను వెళ్తానంటే వాడు వెళ్లనివ్వలేదు. ఇంకో పొట్లం వడ్డించాడు.

రెండో బుధవారమూ అంతే. మూడోదీ అంతే. నా నడుము రెండంగుళాలు పెరిగింది. అయోమయం అంతకంటే ఎక్కువ పెరిగింది. వీడికేదో పెద్ద జబ్బు చేసి, చెప్పకుండా వీడ్కోలు చెబుతున్నాడేమోనని ఒక రాత్రంతా ఏడ్చాను కూడా.

నాలుగో వారం వంటగదిలో లూపే అసలు సంగతి చెప్పింది. తమ్ముడు సెలవు రోజుల్లో సీరియల్లో నటిస్తున్నాడట. ఆసుపత్రి సీరియలట. పెద్ద డాక్టరు వేషమట. అది వచ్చేది బుధవారం ఏడున్నరకేనట.

మా వంశంలో మొదటి డాక్టరు. టీవీ డాక్టరైతే మాత్రం ఏం? నా కళ్లు చెమర్చాయి. లూపే మాత్రం గిన్నె తోముతూ నవ్వింది.

"వదినా, పోలీసు సీరియల్లో మనవాళ్లు రౌడీలు. ఆసుపత్రి సీరియల్లో చక్కెర జబ్బుతో కాలు తీయించుకునేవాళ్లు. ఇరుగుపొరుగు సంసారాల సీరియల్లో ఏడాదికోసారి వచ్చి, ఒక పాట పాడి, పంది మాంసం పెట్టి పోయేవాళ్లు. ఈయనకి డాక్టరు వేషం ఏ సందులో దొరికిందో?"

డాక్టరు పెళ్లాం అలా ఎందుకు నవ్వుతుందో నాకు అర్థం కాలేదు. తను తెర మీద వస్తుంటే ఏ తమ్ముడైనా వీధంతా పిలిచి చూపిస్తాడు గానీ, అక్కని అడ్డం పెట్టుకుని దాస్తాడా? అదీ అర్థం కాలేదు.

ఇంకో సంగతి ఉంది. మా చర్చిలో వాక్యం చెప్పే పెద్దల జాబితాలో చేరాలని తమ్ముడు పదకొండేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. ఆ నెలలోనే పేర్లు చదువుతారు. మా పాస్టరు కలాఫీ అయ్యగారు చాలా కచ్చితమైన మనిషి. టీవీవాళ్లు పిలిచారని రౌడీ వేషాలు కట్టి మన పిల్లల తల దించేవాడెవడూ నా వేదిక ఎక్కకూడదని ఆ మధ్యే గట్టిగా చెప్పారు. డాక్టరు వేషానికైతే ఆయన అడ్డు చెప్పరు కదా, ఇక భయం దేనికి? ఎంత ఆలోచించినా తల తిరగడమే మిగిలింది.

ఆరో బుధవారం నేను వెళ్లేసరికి హాల్లో మా మర్యాద ప్రకారం నడుముకి చాప చుట్టుకుని అయ్యగారు కూర్చుని ఉన్నారు. లూపే పిలిచిందట. తమ్ముడి ముఖం ఉడికిన చేమదుంపలా ఉంది.

ఏడున్నరైంది. వాడు లేచి, అక్క ఉంది గనక టీవీ వద్దన్నాడు.

"అక్కతో చూడకూడనిది మీరు. అయ్యగారికీ నాకూ అడ్డేమిటండీ?" అంది లూపే. "మర్యాద తెలిసినవారు, బయట కూర్చోండి. పొట్లాలు మాడకుండా చూడండి."

అయ్యగారి ముందు ఆచారాన్ని కాదనలేక వాడు పెరట్లోకి నడిచాడు. లూపే పోయిన వారం భాగం పెట్టింది. వాడు నాకు వడ్డిస్తున్న ప్రతి బుధవారమూ ఆమె మధ్యలో బట్టలు ఉతికే గదిలోకి వెళ్లి ఫోన్లో సీరియల్ చూసి వచ్చేదని అప్పుడు తెలిసింది.

తెర మీద మా తమ్ముడు వచ్చాడు. నల్ల చొక్కా, నల్ల కళ్లద్దాలు, మెడ మీద పాము బొమ్మ. అంబులెన్సు మీద కూడా పాము ఉంటుంది గనక, పెద్ద డాక్టర్లకి మెడ మీద వేస్తారనుకున్నాను. పక్కనున్న మరో డాక్టరు ఒకణ్ణి కుర్చీకి కట్టి కొట్టాడు. ఇదేం వైద్యమో తెలియలేదు. "రౌడీ వేషం!" అని అయ్యగారు పళ్లు కొరికాక గానీ నాకు సంగతి తెలియలేదు.

తర్వాత ముఠా అంతా భోజనానికి కూర్చుంది. అందరూ మాంసం మీద పడ్డారు. మా తమ్ముడు మాత్రం కళ్లద్దాలు తీసి, చేతులు జోడించి, తల వంచి ప్రార్థన మొదలుపెట్టాడు. అలవాటు మరి. ఆ సీరియల్ తీసేవాళ్లకి ఏం తోచిందో, ఆపకుండా తీశారు. ముఠా నాయకుడు కూడా ఏం చేయాలో తెలియక నోటి దాకా తెచ్చిన ముద్ద ఆపేశాడు. ఇంతలో తలుపు పగిలి పోలీసులు వచ్చారు. అందరూ పరుగు. మా తమ్ముడు కదల్లేదు. ఆమెన్ అన్నాకే కళ్లు తెరిచాడు. చేతులు ఎలాగూ జోడించే ఉన్నాయి, బేడీలు వేశారు.

అయ్యగారు నడుము చాప సర్దుకున్నారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"ఇన్నేళ్లలో టీవీలో మనవాడు కంచం ముట్టే ముందు దేవుణ్ణి తలుచుకోవడం ఇదే మొదటిసారి చూడ్డం," అన్నారు. "ఆదివారం పేరు చదువుతాను."

"చదవండి అయ్యగారూ," అంది లూపే. "మొదటి వాక్యం మాత్రం అబద్ధ సాక్ష్యం మీద చెప్పించండి. ఆరు వారాలు డాక్టరునని నమ్మించారు. ఆరు ఆదివారాలు చెప్పాలి. వదినా, మీరు చెబితే కాదనలేరు."

మాలో తమ్ముడు అక్క మాట కాదనకూడదు. ఎవరి పక్షమో తేల్చుకోకముందే కిటికీ దగ్గరికి వెళ్లి ఆ మాట చెప్పేశాను. వాడు అక్కడే చెవి ఆనించి నిలబడి ఉన్నాడు.

ఏదో అనబోయి నోరు తెరిచాడు. లోపలికి వచ్చి బతిమాలుకుందామని గుమ్మం దాకా వచ్చాడు కూడా. టీవీ ఇంకా నడుస్తోంది. నేను ఇంకా గదిలోనే ఉన్నాను. ఒక కాలు ఎత్తి, మళ్లీ దించి, గడప అవతలే నిలబడ్డాడు.

"సరే అక్కా," అన్నాడు.

లూపే టీవీ గొంతు ఇంకాస్త పెంచింది.