తొట్టెడు పంట, గుప్పెడు కూర

పొద్దున్నే ఆరుంబావుకు బోటనీ ఆ రోజు కార్యక్రమమంతా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. ఏడింటికి కోత, ఎనిమిదింటికి కడగడం, పదింటికి వంట, పన్నెండున్నరకు వడ్డన, ఒంటిగంటకు ప్రశంసలు. అన్నిటికన్నా ఎక్కువ సమయం కేటాయించింది చివరి దానికే.

బోటనీ ఆమె అసలు పేరు కాదు. వృక్షశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకుని కాపురానికి వచ్చి, ఒక్క మొక్కను కూడా బతికించలేకపోయినందుకు భర్త ఇచ్చిన బిరుదు. నీళ్ళు ఎక్కువై ఒకటి పోయింది, తక్కువై ఒకటి పోయింది. ఎండ తగలకూడదని బీరువా వెనక దాచి మరిచిపోయినది ఇంకొకటి. "నీ చెయ్యి తగిలితే ప్లాస్టిక్ పువ్వు కూడా తల వాల్చేస్తుందే" అని ఆడపడుచు ఒకసారి అంటే బోటనీ కోపం తెచ్చుకోలేదు. అప్పటికే కిటికీలో పెట్టిన ప్లాస్టిక్ పువ్వు ఎండకు వంగిపోయి ఉంది.

ఆ ఆడపడుచు పెద్దాసుపత్రిలో ఆహార నిపుణురాలు. ఆసుపత్రి వంటగది వెనక ఖాళీ జాగాలో రోగుల కోసం ఆకుకూరలు పండించే మనిషి కావాలని తెలిసినప్పటి నుంచి బోటనీకి నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్ళుగా పెట్టె అడుగున పడి ఉన్న డిగ్రీకి ఒక ఉద్యోగం! ధైర్యం కూడగట్టి అడిగితే ఆవిడ ఒకటే షరతు పెట్టింది: "నువ్వు పండించిన పాలకూరతో నాకు ఒక పూట భోజనం పెట్టు. బజారు ఆకు ఒక్కటి కలిసిందా, ఆ మాట మళ్ళీ ఎత్తకు."

నలభై రోజులుగా డాబా మీద, పగిలిపోయిన స్నానాల తొట్టిలో బోటనీ పాలకూర పెంచింది. ఆ పగులే నీళ్ళు పోయే దారి. ఈసారి వింతగా మొక్కలు బతికాయి. బతకడమే కాదు, అరచెయ్యంత ఆకులు వేశాయి. సరిగ్గా ఏడింటికి, మొదళ్ళ దగ్గర రెండంగుళాలు వదిలి, కత్తెరతో ఒద్దికగా కోసింది. వేళ్ళు ఉంచితే మళ్ళీ చిగురిస్తుందని పుస్తకంలో ఉంది. కోసిన ఆకు వంటింటి గట్టు నిండి, సింకు నిండి, కుర్చీ మీదికి కూడా ఎక్కింది.

"అమ్మాయ్, ఇది నలుగురికా, ఊరికా?" అంది అత్తగారు.

"మిగిలితే పక్కింటివాళ్ళకి ఇద్దాం అత్తయ్యా" అంది బోటనీ దాతలా.

వెల్లుల్లి వేసి, ఆకంతా పెద్ద గిన్నెలో కుక్కి, మూత పెట్టింది. పది నిమిషాల తర్వాత మూత తీస్తే గిన్నె ఖాళీగా కనిపించింది. వంగి చూసింది. అడుగున ఒక మూల గుప్పెడు ముద్ద ముడుచుకుని కూర్చుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే కాబోలు. ఆకుకూరల్లో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీరే ఉంటుందని ఆమె ఒకప్పుడు పరీక్షలో రాసి పూర్తి మార్కులు తెచ్చుకుంది. ఆ తర్వాత ఆ విషయాన్ని మార్కుల కాగితంతో పాటే పెట్టెలో పెట్టేసింది.

"ఏమండీ, వీధి చివర బండి దగ్గర నాలుగు కట్టలు పట్రండి. ఎవరి కంటా పడకండి. అత్తయ్యకి కూడా చెప్పకండి" అని భర్తను వెనక గుమ్మం గుండా పంపింది.

ఆయన ఇళ్ళ నక్షాలు గీసే మనిషి. పచ్చి ఆకు ఎంత, ఉడికితే ఎంత అని దారిలోనే గుణించి, వేళ్ళతో ఉన్న కట్టలు పది తెచ్చాడు. "నాలుగు నీ వంటకి. ఆరు తొట్లో గుచ్చేస్తా. అక్క పైకెళ్ళి చూస్తే బోసిగా ఉండదూ?" అన్నాడు. అడ్డుకునేలోపు స్కేలు తీసుకుని డాబా ఎక్కేశాడు.

ఈలోగా అత్తగారు వంటింట్లోకి తొంగిచూసి గిన్నెలోని గుప్పెడు చూసింది. కోడలి ముఖం తలుచుకుని ఆవిడ గుండె కరిగింది. సంచీ పట్టుకుని ముందు గుమ్మం గుండా వెళ్ళి ఆరు కట్టలు తెచ్చి, కోడలి కంట పడకుండా బట్టలుతికే మిషన్లో దాచింది.

పన్నెండున్నరకు రావలసిన ఆడపడుచు పదకొండింటికే దిగింది. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చిందేమో, తెల్ల కోటు కూడా విప్పలేదు. "రెండింటికి నర్సులకి క్లాసుంది మరదలా. ముందు నీ తోట చూపించు" అంటూ కాఫీ కప్పుతోనే డాబా మెట్లెక్కింది. బోటనీ ఆవిడ వెనక నడిచింది. బజారు కట్టలింకా వంటింట్లో విప్పకుండానే ఉన్నాయి.

తొట్టిలో పాలకూర సైన్యంలా వరసగా నిలబడి ఉంది.

"విత్తనాలు చల్లావా, గీతలు గీసి పెట్టావా?" అంది ఆడపడుచు. కిందికి వంగి, "ఈ మొక్కకి రబ్బరు బ్యాండేమిటి?"

"గాలికి ఊగకుండా వదినా" అంది బోటనీ. ఆ అబద్ధం తనకే నచ్చక కంగారుగా చెయ్యి అడ్డం పెట్టబోయింది. చెయ్యి కప్పుకు తగిలింది. కాఫీ మొత్తం తెల్ల కోటు మీదికి చేరింది.

"ఇలా ఇవ్వక్కా, పావుగంటలో ఉతికేస్తా" అని అక్కడే ఉన్న భర్త ఆ కోటు లాక్కుని కిందికి పరిగెత్తాడు. దాన్ని మిషన్లో పడేసి, వేడినీళ్ళ మీట నొక్కాడు. లోపలికి తొంగిచూడటం ఆ ఇంటి మగవాళ్ళకు అలవాటు లేదు.

అందరూ కిందికి వచ్చి కూర్చుని పావుగంట అయిందో లేదో, వీధి గుమ్మంలో ఆకుకూరల బండివాడు కేకేశాడు.

"పెద్దమ్మగారూ! కళ్ళజోడు నా బండి మీదే వదిలేసి వచ్చారండీ! పొద్దున అయ్యగారు పది కట్టలు, ఆ వెనకే మీరు ఆరు కట్టలు... హోటలేమన్నా తెరుస్తున్నారా అండీ?"

భర్త తేలు కుట్టిన దొంగలా పైకప్పు వైపు చూశాడు.

"అత్తయ్యా, ఆ ఆరు కట్టలూ ఎక్కడ పెట్టారు?" అంది బోటనీ నీరసంగా.

అత్తగారు మిషన్ వైపు వేలు చూపించింది. మిషన్ అప్పుడే పని ముగించి కూత పెట్టింది. తలుపు తీస్తే కోటు బయటికి వచ్చింది. కాఫీ మరక జాడ లేదు. దాని స్థానంలో కోటంతా ఆకుపచ్చ. జేబులోంచి ఒక కాడ వేలాడుతోంది.

"వదినా," అంది బోటనీ. "పంట నిజంగా నాదే. కోసిందీ నేనే. ఉడికాక గుప్పెడైంది. అంతే. ఆ పని ఇంకెవరికైనా ఇచ్చేయండి."

ఆడపడుచు ఏదో అనబోయింది. ఈలోగా బండివాడు ఆవిడ వంక తేరిపార చూసి పళ్ళికిలించాడు. "ఈ మేడం గారూ మీవాళ్ళేనా అండీ? ఇందాక మలుపులో బండి ఆపించి నాలుగు కట్టలు తీసుకున్నారు!"

అందరి చూపులూ ఆవిడ చేతిసంచీ మీద పడ్డాయి. జిప్పు సందులోంచి పాలకూర తొంగిచూస్తోంది.

"నువ్వా అక్కా!" అన్నాడు భర్త.

"ఏం చెయ్యనురా? దీని చేతి సంగతి మనకి తెలియందా? పంట లేకపోతే పిల్ల చిన్నబుచ్చుకుంటుందని..." ఆవిడ గొంతు సవరించుకుని నిపుణురాలి ముఖం పెట్టింది. "ఆ గుప్పెడు ఇలా పట్రా."

నలుగురూ తలా చెంచాడు తిన్నారు. ఆవిడ చెంచాను రెండుసార్లు నాకింది. తర్వాత అంది: "నీ మొగుడి గీతల మధ్య కోసిన మొదళ్ళు చూశానులే. రెండంగుళాలు వదిలి కోశావు. వేళ్ళతో సహా పీకేసేవాళ్ళే దొరుకుతున్నారు నాకు. సోమవారం నుంచి రా." పచ్చకోటును గట్టిగా పిండి మరదలి చేతిలో పెట్టింది. "ఇది నాకెలాగూ పనికిరాదు. తోటపనికి నువ్వే వేసుకో."

ఆ కోటు తర్వాత ఎన్నిసార్లు ఉతికినా రంగు వదలలేదు. బోటనీ చేతిలో వాడిపోకుండా నిలిచిన మొట్టమొదటి పచ్చదనం అదే.