మొట్టమొదట దొరికిన ఒడెస్సా

"మన కౌంటీ నల్లజాతి ఆడపడుచుల్లో గుండెజబ్బు ముప్పును, అది కన్ను తెరవకముందే గుర్తిస్తాం!" అని కమిషనర్ థాడియస్ పెట్‌వే గారు మౌంట్ నీబో చర్చి మెట్ల మీద ప్రకటించారు. కమిషనర్ పదవికి ఎన్నికలు నవంబరులో ఉన్నాయి. ఆయన ముందుచూపు అటువంటిది.

చర్చికొచ్చిన వాళ్లకి కుర్చీలు చూపించే ఒడెస్సా క్రెన్‌షాకి మూడు వారాలుగా నాలుగు మెట్లెక్కితే ఆయాసం, దవడ కింద నొప్పి. వాళ్లమ్మ కూడా ఇలాగే పోయింది. ఆ భయంతో అందరికంటే ముందు చెయ్యి చాపింది. మెట్ల పక్కనే బల్ల వేసుక్కూర్చున్న నర్సు లవోన్ బీపీ చూసింది. నూట తొంభై బై నూట పది!

"దొరికింది!" అని కమిషనర్ గారు గంతేశారు. బ్యాండు మోగింది. ఒడెస్సా భుజాన 'మొదటి గుర్తింపు' అని ఎర్ర పట్టీ వేశారు.

"డాక్టరేరండీ?" అంది ఒడెస్సా.

"గుర్తించడమే మా శాఖ, సిస్టర్. నయం చెయ్యడం వేరే శాఖ. కాస్త నవ్వండి."

ఆ వారమే ఆవిణ్ణి రెండు బడులకీ, ఒక చేపల వేపుడు విందుకీ తిప్పారు. వేదిక మీద బీపీ చూడటం, మైకులో చదవడం, జనం చప్పట్లు. అంకె పెరిగితే చప్పట్లూ పెరిగాయి. కమిషనర్ గారు ఒక్క అంకె కూడా దాచలేదు.

"శనివారం ఆస్పత్రికి పోతానండీ. గుండె దడగా ఉంది."

"శనివారం ఊరేగింపు! మీరు నయమైపోతే జనానికి ఎవర్ని చూపించమంటారు?"

ఒడెస్సా ఆలోచించింది. "అయితే జుట్టు అల్లించుకోడానికైనా వెళ్లొద్దా? అపాయింట్‌మెంట్ ఉంది."

కమిషనర్ గారు రెండడుగులు వెనక్కి వేశారు. ఊరేగింపునైనా ఆపొచ్చుగానీ, ఆ ఊళ్లో ఆడమనిషి జుట్టు అపాయింట్‌మెంటుకి అడ్డం పడే మగాడు లేడు. "వెళ్లిరండి తల్లీ. ఎంతసేపు?"

"తలంతా సన్న జడలండీ. నెల పడుతుంది."

ఆయన క్యాలెండర్లో నెల లెక్కపెట్టుకున్నారు.

సరిగ్గా నెల తిరిగాక మహాసభ పెట్టారు. టీవీల వాళ్లొచ్చారు. లవోన్ బీపీ చూసి మైకులో చదివింది. "నూట ఇరవై నాలుగు బై డెబ్బై ఎనిమిది."

సభ బిత్తరపోయింది.

"మళ్లీ చూడు!" అన్నారు కమిషనర్ గారు. మళ్లీ అంతే.

"సిస్టర్ ఒడెస్సా, ఏం చేశారు మీరు?"

"ఆ జడల నెలంతా మందులేసుకున్నానండీ. డాక్టరిచ్చాడు."

"ఇంత నమ్మకద్రోహమా!" ఆయన ఒడెస్సా భుజం మీది పట్టీ లాక్కుని సభ వైపు తిరిగారు. "ఇంకెవరికైనా ఆయాసం ఉందా?"

నలభైమంది ఆడవాళ్లు లేచారు. ఆయన మొహం వెలిగింది. వాళ్లు ఆయన్ని దాటుకుని పోయి ఒడెస్సా చుట్టూ మూగారు.

"ఆ డాక్టరు ఎక్కడుంటాడే?"

"రేపు తీసికెళ్తావా? నాకూ దవడ లాగేస్తోంది."

కమిషనర్ గారు మైకు గట్టిగా పట్టుకున్నారు. "అమ్మా, కూర్చోండి! మిమ్మల్నింకా మేం గుర్తించలేదు!"