పోర్చుగల్ దిగుమతి ప్రొఫెసర్

మనిషికి జన్మలు రెండు. తల్లి కన్నది ఒకటి, శిలాఫలకం మీద చెక్కించుకున్నది రెండోది! మొదటిదానిలో ఏమంత మిగల్లేదనిపించి, నంద్యాల విత్తనాల వ్యాపారి ఉమాశంకర్ రెండోదానికి ఆళ్లగడ్డ శిల్పి దగ్గర నల్లరాయి పురమాయించాడు. బడికి తాను కట్టించిన గ్రంథాలయం గోడకు ఆ రాయి. దాని మీద: "దాత, ప్రొఫెసర్ ఉమాశంకర్".

ఈ ప్రొఫెసర్‌గిరీ పోర్చుగల్ సరుకు. అక్కడి వ్యవసాయ పాఠశాల పిల్లలకు శనగ సాగు మీద వీడియోలో ఒక పాఠం జరిపించినందుకు, "ప్రొఫెసర్ ఉమాశంకర్" అన్న పేరుతో మెచ్చుకోలు పత్రం వచ్చింది.

కూతురు హర్షిణి పత్రం చూసి నవ్వింది. "నాయనా, ఆ దేశంలో ఒకటో తరగతికి చెప్పినా ప్రొఫెసరే. ఫ్రాన్సులో హైస్కూలు అయ్యవారూ అంతే. జర్మనీలో, మన కాలేజీల్లో అయితేనే పెద్ద పదవి. మొదట్లో లాటిన్‌లో, నలుగురి ముందర నిలబడి చాటేటోడని అర్థమంట."

"అంటే సంతలో టమాటాలని అరిచేటోడు కూడానా?"

"జాతరలో మ్యాజిక్ చేసేటోడు ఎప్పుడో ప్రొఫెసరని పేరు పెట్టుకున్నాడు గదా!"

"మంచిదే పాపా. చవకైన తావున కొనాల, పిరమైన తావున అమ్మాల. పోర్చుగల్‌లో కొన్నా, నంద్యాలలో అమ్ముతాండా!"

ప్రారంభోత్సవం నాడు రాతి మీద ముసుగు తీశారు. ముఖ్య అతిథి, కాలేజీ ప్రిన్సిపాల్, అది చదివి మైకులోనే అడిగాడు: "ఏ యూనివర్సిటీలో సార్?"

బజారు బజారంతా చూస్తోంది! రేపు ఏ మొహంతో అంగడి తెరవాలి? ఉమాశంకర్ చెమట తుడుచుకుని, అమ్మకపు అర్థాన్ని దాచి కొనుగోలు అర్థాన్ని బయటికి తీశాడు.

"యూనివర్సిటీ ఎందుకు సార్? ఆ దేశంలో పాఠం చెప్పినోళ్లందరూ ప్రొఫెసర్లే!"

చప్పట్లు! గండం గడిచింది.

వెనక వరసలు నిండాలని తానే ఆటోల్లో రప్పించిన రైతుల్లోంచి కోయిలకుంట్ల ఆదెమ్మ లేచింది.

"అట్లయితే అప్పా, ఆ పొద్దు చేన్లో నిలబడి గంటసేపు చెప్పింది నేను గదా? అవతల ఎవరో తెలుగు పిల్ల వాళ్ల భాషలో తిప్పి చెప్పె. నువ్వు ఫోన్ పట్టుకుంటివి, అంతే!"

సభ ఘొల్లుమంది. ప్రిన్సిపాల్ లేచి, ప్రొఫెసర్ కోసం వేసిన కుర్చీని ఆమె వైపు జరిపాడు. ఆదెమ్మ మొహమాటం లేకుండా కూర్చుంది. ఉమాశంకర్ నిలబడే ఉన్నాడు.

"ఏందప్పా అట్ల నిలబడినావ్? శనగ ఎన్ని దినాలకు పూతకొస్తాదో చెప్పు చూద్దాం!"

ముప్పై ఏళ్లుగా శనగ విత్తనం అమ్ముతూ, దాని పూత సంగతి తనకు తెలియదని ఉమాశంకర్‌కు అప్పుడు లెక్క తేలింది.

"తెలీదా? ఆడ కూర్చో. మళ్లా చెప్తా."

వేదిక ముందు నేల మీద కూర్చున్న ఆరో తరగతి పిల్లలు కాస్త జరిగి, ఆయనకు చోటిచ్చారు.