ఇస్త్రీ చేసిన దరఖాస్తు

ఆ రోజు పెట్టుకున్న పని చాలా తేలికైనది. తొమ్మిదింటికి దరఖాస్తు కవర్లో పెట్టాలి. పదింటికి బస్సెక్కాలి. పదకొండింటికల్లా వలస కార్యాలయం కౌంటర్లో ఇచ్చేసి రసీదు తీసుకోవాలి. ఇంటికొచ్చి అన్నం తిని ఓ కునుకు తీయాలి. ఇందుకోసమే మడత మాస్టారు సెలవు పెట్టారు.

మాస్టారు అంటే బడిపంతులు కాదు. పెద్ద హోటల్ లాండ్రీలో ఇస్త్రీ చేస్తారు. చొక్కా కాలరు మీద వెంట్రుకవాసి ముడత కనిపించినా ఆ పూట అన్నం సహించని మనిషి కాబట్టి తోటివాళ్లు ఆ పేరు తగిలించారు. ఆ పేరే నిలిచిపోయింది.

దరఖాస్తు ఇరవై రెండు పేజీలు. తొమ్మిదేళ్లుగా ఈ దేశంలో పనిచేసుకుంటున్నాం, మా ఇద్దరినీ ఇక్కడే శాశ్వతంగా ఉండనివ్వండి అని భార్యాభర్తలు పెట్టుకునేది. ఆఖరు తేదీ ఆ రోజే. నాలుగింటికి కౌంటరు మూసేస్తారు. ఆ గంట దాటిందంటే ఇప్పుడున్న అనుమతి నెలాఖరుకి చెల్లిపోతుంది. ఆయన లాండ్రీ, ఆవిడ పనిచేసే చిన్నపిల్లల బడి, ఒక్కో కుర్చీ కొనుక్కుంటూ నింపుకున్న రెండు గదుల ఇల్లు, అన్నీ వదిలేసి పెట్టె సర్దుకోవాలి.

మరి ఆఖరు రోజు దాకా ఎందుకు నానబెట్టారంటే, లాయరు వల్ల. పెట్టుకున్న లాయరు వల్ల కాదు. పెట్టుకోవాలా వద్దా అన్నది మూడు నెలలైనా తేలకపోవడం వల్ల.

ఆవిడ పెట్టుకుందామంది. మాస్టారు వద్దన్నారు. నా పేరు, నా పుట్టిన తేదీ, నేనున్న అద్దె ఇళ్లు నేను రాసుకోవడానికి మధ్యలో ఇంకొకరెందుకని ఆయన వాదన. పైగా లాండ్రీలో దుప్పట్లు ఉతికే ఆయనొకడు లాయర్ని పెట్టుకుంటే, లాయరు గుమాస్తా ఆయన తల్లి పేరు తీసుకెళ్లి భార్య గడిలో రాశాడు. ఆ ముడి విప్పుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఈ సంగతి మాస్టారు ఎన్నిసార్లు చెప్పారంటే, ఎన్నడూ చూడని ఆ తల్లి పేరు ఆవిడకి కంఠతా వచ్చేసింది.

వాళ్లతోనే ఉండే ఆవిడ తమ్ముడు టాక్సీ నడుపుతాడు. తన టాక్సీ ఎక్కినవాళ్లు తమ తెలివంతా దిగేటప్పుడు సీటు మీదే వదిలేసి పోతారని అతని నమ్మకం. సోమవారం లాయరు లేకపోతే మునిగిపోతామనేవాడు. మంగళవారం లాయర్లంతా దండగ అనేవాడు. ఎక్కినవాళ్లని బట్టి అతని సలహా మారేది.

చివరికి రాజీ కుదిరింది. మాస్టారు చెబుతారు, ఆవిడ రాస్తుంది. ఆవిడ రాత ముత్యాల వరసలా ఉంటుంది. మాస్టారు మాటే ఒకచోట నిలవదు. అది ఎరిగిన మనిషి కాబట్టి ఆవిడ ఓ కొత్తరకం పెన్ను కొనుక్కొచ్చింది. దాంతో రాసిందాన్ని పెన్ను తోకతో రుద్దితే మచ్చయినా మిగలకుండా చెరిగిపోతుంది. అన్నీ ఖాయమయ్యాక మామూలు పెన్నుతో దిద్దుతానంది. అన్నీ ఖాయమయ్యేసరికి ఆఖరు రోజు ముందు రాత్రయింది. అక్షరాలు నల్లగా కనబడుతున్నాయిగా, దిద్దడం దేనికన్నారు మాస్టారు. సంతకం మాత్రం జేబులోని బాల్‌పెన్నుతో చేశారు.

మొదటి ఉద్యోగం ఎందుకు మానేశారన్న గడిలో ముందు "యజమాని నోటి దురుసు" అని రాయించారు. మర్నాడు అది చెరిపించి "అక్కడి నీళ్లు పడక" అన్నారు. వారం తిరక్కుండా "మంచి అవకాశం కోసం" అన్నారు. మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా అన్నచోట "ఒకసారి" అని పట్టుబట్టారు. ఏడేళ్ల కిందట దీపం లేని సైకిలు మీద వస్తుంటే ఓ పోలీసు పది నిమిషాలు నిలబెట్టి చివాట్లు పెట్టాడు. ప్రమాణం చేసే కాగితంలో అది దాచడం ఎలాగని ఆయన బెంగ. ఆవిడ రెండు రోజులు మాట్లాడటం మానేసి, మూడో రోజు తోకతో రుద్ది "లేదు" అని రాసింది.

ఆ ఉదయం బడికి బయల్దేరుతూ ఆవిడ చెప్పులేసుకుని మరీ ఆగింది.

"కవర్లో పెట్టండి, ఇచ్చి రండి. మధ్యలో ఇంకేం చెయ్యకండి."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

"చిన్నపిల్లలకి చెబితే వింటారు. రోజూ చూస్తున్నాగా."

ఆవిడ వెళ్లాక మాస్టారు కాగితాలు చేతిలోకి తీసుకున్నారు. మూడు నెలలు బల్ల మీదా మంచం మీదా దొర్లిన కాగితాలు. అంచులు చెవుల్లా ముడుచుకున్నాయి. ముందురోజు బావమరిది చూసుకోకుండా వాటి మీద కూర్చున్నాడు. నడిమధ్యన ఆ గుర్తు అడ్డంగా, నిలువుగా, ఐమూలగా అన్ని పేజీల్లోనూ పడింది. ఆ ముడతలు చూస్తూ కవరు అంటించడం మాస్టారి వల్ల కాలేదు. నలిగిన చొక్కాతో వచ్చినవాణ్ణి హోటల్ గుమ్మం దగ్గరే పైకీ కిందకీ చూస్తారు. నలిగిన కాగితాన్ని ఆఫీసరు మాత్రం ఎందుకు నమ్ముతాడు?

ఇస్త్రీ పెట్టెని పట్టుబట్ట వేడికి తిప్పారు. బల్ల మీద నూలు దుప్పటి పరిచారు. ఒక్కో పేజీనీ బోర్లించి, పైన పల్చటి గుడ్డ వేసి, ఆవిరి తగలకుండా మెల్లగా నడిపించారు. ఎక్కడా కమురు వాసన రాలేదు. ఇరవై రెండు పేజీలూ ఒకదాని మీద ఒకటి బోర్లానే పేర్చారు. దొంతర ఎంత చదునుగా వచ్చిందంటే, హోటల్లో పెద్ద పెద్దవాళ్ల దుప్పట్లకి కూడా అంత పనితనం ఎన్నడూ చూపించలేదనిపించింది. ముచ్చటపడి దొంతరని తిరగేశారు.

ప్రశ్నలన్నీ ఉన్నాయి. జవాబు ఒక్కటీ లేదు. ఆఖరు పేజీలో మాత్రం "పైన రాసినదంతా అక్షరాలా నిజం" అన్న వాక్యం కింద ఆయన సంతకం చెక్కుచెదరకుండా ఉంది.

భార్యకి ఫోను చేసే ధైర్యం లేక మాస్టారు బావమరిదికి చేశారు. అతను పావుగంటలో వచ్చి తెల్లకాగితాలని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం చేశావు బావా?"

"ఇస్త్రీ."

బావమరిది ఇస్త్రీ పెట్టె వైపు ఓసారి చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఇంట్లో చొక్కాలు లేవా?"

ఫోనులో వెతికితే సంగతి బయటపడింది. ఆ సిరా వేడి తగిలితే మాయమవుతుంది. తోకతో రుద్దినా చెరిగేది ఆ రాపిడి వేడికే. గట్టిగా చల్లబెడితే మాత్రం తిరిగొస్తుంది. మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇద్దరూ కలిసి ఫ్రిజ్ పైన ఐసు కట్టే అరలో ఉన్నవన్నీ గచ్చు మీద పారబోసి, దరఖాస్తుని ప్లాస్టిక్ సంచిలో చుట్టి లోపల పెట్టారు. గంటసేపు మాస్టారు ఫ్రిజ్ ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు. పారబోసిన బఠాణీల మంచు కరిగి ఆయన కాళ్ల కిందకి నీళ్లు వచ్చాయి. ఆయన కదల్లేదు.

పదకొండింటికి తీసి చూస్తే అక్షరాలు వచ్చేశాయి. మాస్టారు చేతులు జోడించబోయి ఆగిపోయారు. రావలసినవాటితోపాటు చెరిపేసినవి కూడా వచ్చాయి. మూడు నెలల్లో ఆయన నోటి నుంచి ఊడిపడిన ప్రతి మాటా ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంది. ఆయన మొదటి ఉద్యోగం యజమాని నోటి దురుసు వల్ల, నీళ్లు పడక, మంచి అవకాశం కోసం, మూడు రకాలుగా మానేశారు. ఒకే ఏడాది రెండు ఇళ్లలో కాపరం ఉన్నారు. పోలీసులు ఆయన్ని ఒకసారి అరెస్టు చేశారు, చేయలేదు.

మాస్టారు తుడుచుకోకుండానే చెప్పుల్లో కాళ్లు పెట్టారు.

"లాయరు దగ్గరికి పద."

"మూడు నెలల్నించీ వద్దన్నావుగా?"

"అప్పుడు జవాబులు ఒక్కొక్కటే ఉన్నాయిరా."

తన టాక్సీలో అప్పుడప్పుడు తిరిగే ఓ లాయరమ్మ ఉందని బావమరిది బయల్దేరదీశాడు. దారిలో ఎండకి అక్షరాలు మళ్లీ పోతాయేమోనని సంచిని ఐసుపెట్టెలో పెట్టించి, టాక్సీలో చలిగాలి ఆఖరు మెట్టుకి తిప్పాడు. మాస్టారు ఐసుపెట్టె ఒళ్లో పెట్టుకుని చలికి పళ్లు టకటకలాడిస్తూ కూర్చున్నారు. తీరా అక్కడికి వెళ్లేసరికి, మాస్టారి తడి పంచా ఐసుపెట్టే చూసి కాపలావాడు చేపలు తెచ్చారనుకున్నాడు. సరుకులు వెనక మెట్ల మీదుగా అదే భవనం కింద ఉన్న హోటల్లో ఇవ్వాలని పంపేశాడు. ఆ వంటింట్లో వాళ్లు పెట్టె తెరిచి, చేపల బదులు సర్కారు కాగితాలు చూసి తనిఖీకి వచ్చారని హడలిపోయి, ఇద్దరికీ కుర్చీలు వేశారు. అందులోంచి బయటపడటానికి ఇరవై నిమిషాలు పట్టింది.

ఈలోగా బడి నుంచి ఆవిడ తమ్ముడికి ఫోను చేసింది. అతను మెట్లెక్కుతూ, బావని లాయరు దగ్గరికి తీసుకెళ్తున్నానని అడ్రసు చెప్పి, మిగతాది వచ్చాక చెబుతానని పెట్టేశాడు. తన మొగుడు దరఖాస్తు కోసం లాయరు గడప తొక్కడని ఆవిడకి బాగా తెలుసు. అంటే ఈసారి నిజంగానే అరెస్టయి ఉండాలి. పిల్లల రంగు చేతుల ముద్రలున్న ఏప్రాన్ విప్పడం కూడా మరచి పరుగెత్తింది.

పైన లాయరమ్మ కళ్లద్దాలు సర్దుకుని మొదటి నాలుగు పేజీలు ఓపిగ్గా చదివింది. ఐదో పేజీ దగ్గర కళ్లద్దాలు తీసేసింది.

"ఇందులో ఏది నిజమండీ?"

మాస్టారు ఆలోచించారు. ఏది ఆఖరిసారి చెప్పిందో ఆయనకే గుర్తు రాలేదు.

ఈ సంతకంతో దీన్ని ఇస్తే అనుమతి మాట దేవుడెరుగు, అబద్ధపు ప్రమాణం కింద కొత్త కేసు పడుతుందంది లాయరమ్మ. కొత్త ఫారం తన దగ్గరే ఉంది. కాని తను రాయాలంటే తొమ్మిదేళ్ల చరిత్ర మొదట్నించీ అడగాలి, తేదీలు సరిచూడాలి, మూడు రోజులు పడుతుంది. అప్పటికి గోడ గడియారం పన్నెండూ నలభై. మాస్టారు ఇన్నాళ్ల మంకుపట్టుని తలచుకుని తల పట్టుక్కూర్చున్నారు.

అప్పుడే తలుపు తోసుకుని ఆవిడ వచ్చింది. మొగుడి చేతులకి సంకెళ్లున్నాయేమోనని ముందు చేతులే చూసింది. తర్వాత బల్ల మీది కాగితాలు చూసింది.

"తడిపారా?"

"లేదు. ఇస్త్రీ చేశా."

ఆవిడ లాయరమ్మ వైపు తిరిగి, ఖాళీ ఫారం ఒకటి, మామూలు పెన్ను ఒకటి ఇప్పించమంది. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టింది. ఇళ్ల అడ్రసులు, చేరిన తేదీలు, మానేసిన తేదీలు, పాస్‌పోర్టు నంబర్లు, ఏదీ వెతుక్కోలేదు. ఒక్కో జవాబూ మూడేసి నాలుగేసి సార్లు రాసిన చెయ్యి, దానంతటదే నడిచిపోయింది. ఎనిమిదో పేజీ దగ్గర మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"ఆ మొదటి ఉద్యోగం సంగతి..."

"కూర్చోండి," అంది ఆవిడ తలెత్తకుండా.

సైకిలు దీపానికి తిన్న చివాట్లు అరెస్టు కిందకి రావని లాయరమ్మే చెప్పింది. ఆ ముక్క తను ఫారం వెనక ఉన్న సూచనల్లో చదివే "లేదు" అని రాశానంది ఆవిడ. లాయరమ్మ లేచొచ్చి ఆవిడ భుజం మీదుగా చూడసాగింది. మధ్యలో, తన దగ్గరికి వచ్చేవాళ్లందరూ తప్పు రాసే పదిహేడో పేజీ దగ్గర ఆపి, ఇలా ఎందుకు రాశావమ్మా అని అడిగింది. ఆవిడ చెప్పింది. లాయరమ్మ ఆ జవాబుని తన పుస్తకంలో రాసుకుంది.

మూడుంపావుకి ఆఖరు పేజీ అయింది. ఆవిడ చూపించినచోట మాస్టారు సంతకం పెట్టారు. ఐసుపెట్టె అక్కడే వదిలేసి ముగ్గురూ టాక్సీలో పడ్డారు. మూడూ యాభై రెండుకి కౌంటర్లో ముద్ర పడింది. దారిలోనే తమ్ముడు పొద్దుటి సంగతంతా ఆవిడకి చెప్పాడు. రసీదు సంచిలో పెట్టుకున్నాక ఆవిడ, ఇంటికెళ్లగానే గచ్చు మీద బఠాణీలు ఎవరు ఎత్తుతారో ఇప్పుడే తేల్చమంది.

వారం తర్వాత లాయరమ్మ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఫీజు గురించేమోనని మాస్టారు బెదిరిపోయి ఫోను ఆవిడకిచ్చారు. తన గుమాస్తా మానేశాడని, వచ్చినవాళ్ల చేత ఫారాలు సరిగ్గా నింపించే మనిషి కావాలని, మధ్యాహ్నాలు వస్తావా అని లాయరమ్మ అడిగింది. నాలుగు నెలలకి శాశ్వత నివాసం కాగితాలు వచ్చాయి. అప్పటికి కిటికీ పక్క బల్ల మీద ఆవిడ పేరున్న పలక వెలిసింది.

మొన్న లాండ్రీలో కొత్తగా చేరినతను, దరఖాస్తు పెట్టుకోవడానికి లాయరు నిజంగా అవసరమా అని అనుభవస్థుణ్ణి అడిగినట్టు మాస్టారిని అడిగాడు.

మాస్టారు ఇస్త్రీ పెట్టె ఆపకుండానే చెప్పారు. "లాయరు మాట నాకు తెలీదు. గుమాస్తా మాత్రం చాలా అవసరం."