హజరత్తయ్య ఉసిరినీడ నాక్రమించిన విధము

పడమట వెలుగొండలు తలగడగా, తూర్పున సముద్రము పాదపీఠముగా, నడుమ పెన్నానది పైటకొంగుగా పరుండిన సింహపురియందు, దోమలు సైతము దుప్పటి వెదకు కార్తీకమాసమున, రెండవ ఆదివారమున, ఉదయము తొమ్మిదికి పది నిమిషములు తక్కువ యను మహాముహూర్తమున, నగర బొటానికల్ గార్డెన్ పడమటిగోడ వెనుక ఒక వీరుడు తువ్వాలు విదిల్చెను. ఆ విదిలింపు గాథ వినుడు. అంతకుముందు ఆ వనము గాథ వినుడు.

ఆ వనము పూర్వము సరుగుడు తోపు. అంతకు పూర్వము ఇసుకదిబ్బ. సముద్రపుగాలి ఒక దిబ్బ నెత్తి వేరొకచోట బెట్టి, మరునాడు మనసు మార్చుకొని మరల తెచ్చి పెట్టుచుండెడిదట. పిమ్మట పురపాలకులు ప్రహరీ కట్టి, మూడువందల మొక్కలు నాటి, ఒక్కొక్కదానికి పేరుబోర్డు తగిలించిరి. మొక్కలలో సగము ఎండెను. బోర్డులు మాత్రము బ్రహ్మాండముగా బ్రతికెను. ఇక చుట్టునున్న పేటల మాట చెప్పనేల? చింతచెట్టు వీధిలో చెట్టు పోయి చింత మిగిలెను. పొన్నతోట వీధిలో పొన్న పోయి, తోట పోయి, వీధి మిగిలెను. అందును సగమును అపార్టుమెంటు మెట్లు మ్రింగెను.

నెల్లి యనగా ఉసిరి యనియు, నెల్లూరికి ఆ చెట్టువలననే పేరు వచ్చెననియు కొందరు పెద్దలందురు. కాదు, నెల్లనగా వడ్లు అని మరికొందరందురు. వారి వాదము తీరకపోవచ్చును గాని, ఆ వనములోని ఉసిరిచెట్టు మాత్రము ఒక్కటే. కార్తీక వనభోజనమో, ఉసిరి నీడనే చేయవలెను. నియమము ఊరందరిది, నీడ ఒక్క చెట్టుది. రణమునకు వేరు కారణము వలయునా?

గోడవెనుక వీరుడు హజరత్తయ్య. ముప్పదియొక్క సంవత్సరములు ఆర్టీసీ కండక్టరై, ఘంటికారజ్జుసమాకర్షణధురంధరుడై, రైట్‌రైట్‌నినాదకంపితదిగంతుడై, యాబది సీట్ల బస్సులో నూటపదిమందిని దూర్చి, నూటపదకొండవవానికి ‘లోపల కాళీనే’ అని సెలవిచ్చిన సత్యసంధుడు.

అట్టివాని గుండెలో ఒక ముల్లు గ్రుచ్చుకొని యుండెను. పోయిన కార్తీకమున ఉసిరినీడ దక్కక, ఆతడు వియ్యపువారిని నీలగిరిచెట్టు క్రింద కూర్చుండబెట్టెను. మనుబోలు వరిచేల కామందును, వెక్కిరింతలకు కాణాచియు నగు వియ్యంకుడు చంద్రమౌళి, పులిహోర ముగించి, చేయి కడుగుకొని, నిదానముగా ననెను.

“బావా, పులిహోర బాగుండాది. పడిశం గూడా తగ్గింది.”

ఆ యొక్క వాక్యము ఏడాది పొడుగున రెండు పెండ్లిండ్లలో, ఒక సీమంతములో, మూడు ఫోనులలో మ్రోగెను. తుదకు ఇల్లాలు మహాలక్ష్మియే ఆతనితో ననెను. “ఈ యేడు గూడా ఆ జండుబాం చెట్టు కిందనే అయితే నేను రాను. ఇంట్లోనే తింటా.”

నాడే హజరత్తయ్య ప్రతిన బూనెను. ఉసిరి దక్కవలెను, లేదా ఉసురు పోవలెను.

వన ద్వారము తూర్పున; ఉసిరిచెట్టు పడమట, గోడకు చేరువ. ద్వారమున ఆసరికే జనము. ముప్పదియొక్క యేండ్లు కిటికీలగుండ లోనికి దూసుకువచ్చిన తువ్వాళ్ళను, రుమాళ్ళను, ఒకానొకసారి కోడిని సైతము కన్నులార గాంచిన యా విజ్ఞానఖని, పచ్చతువ్వాలు కొసన గులకరాయి ముడివేసి, గాలివాటు చూచి, శ్రీహరికోటలో రాకెట్టునకు వలె పదినుండి వెనుకకు లెక్కించి, విసరెను. తువ్వాలు గోడ దాటెను, కాకి నొకదానిని కంగారు పెట్టెను, ఉసిరి మొదట పరచుకొనెను. అది పరచిన తువ్వాలు కాదు, పరచిన పరువు.

వీరుడు నిబ్బరముగా ప్రహరీ చుట్టి ద్వారము చేరుసరికి తొమ్మిది దాటెను. కావలి పోలేరయ్య తలుపు తీసియుండెను. “ఏందన్నా, నిదానంగా వస్తుండావు? అందురూ పరిగెత్తినారే,” అని యాతడడిగెను.

“పరిగెత్తేది సీటు లేనోళ్ళు అబ్బయ్యా,” అని హజరత్తయ్య మందహాసము చేసెను.

ఆ మందహాసము ఉసిరిచెట్టు వరకే నిలిచెను. అచట పచ్చతువ్వాలుపై, కొడవలూరు నుండి విచ్చేసిన ఆదిశేషమ్మ యను పెద్దమ్మ, కాళ్ళు బారజాపి కూర్చుండి యుండెను. చుట్టును ఆమె బలగము, పదునలుగురు.

“అమ్మా, అది నా తువ్వాల,” అనెను వీరుడు.

“తెలుసన్నా. కొస మీద నీ డిపో పేరుండాది.”

“మరి లెయ్యి. ముందు పడింది నా గుడ్డ.”

ఆదిశేషమ్మ కన్నులు చికిలించి చూచెను. “ఇరవై ఆరేళ్ళ కింద కొడవలూరు బస్సులో నేనూ ఏసినా, కిటికీలోంచి. చంకలో బిడ్డ. నువ్వొచ్చి నా తువ్వాల తీసి నా బుజానే ఏసి ఏమన్నావు? ‘గుడ్డకి టికెట్టు లేదమ్మా, కూర్చున్నోళ్ళదే సీటు.’ నెల్లూరు దాకా నిలబడే వచ్చినా.”

“ఆ బిడ్డని నేనే మామా,” అనెను ప్రక్కన దోసకాయ తరుగుచున్న వాణి. “ఈ కత నూరుసార్లు విన్నా. నిన్ను ఇప్పుడే చూస్తుండా.”

స్వనిర్మితశాసనశరవిద్ధుడై హజరత్తయ్య మ్రాన్పడెను. చట్టము తనది, తువ్వాలు తనది, సీటు మాత్రము పరులది.

అంతలో ఆటోలు దిగి, గిన్నెలతో, విస్తరాకుల కట్టలతో మహాలక్ష్మియు, వియ్యపువారును, వెరసి పదిమంది వచ్చుచుండిరి. ముందు చంద్రమౌళి. ఆతడు చెట్టును చూచెను, చెట్టు క్రింది జనమును చూచెను, పెదవి చివర నవ్వు మొలచెను. “ఈ యేడు ఏ చెట్టు బావా? ముక్కుకా, దగ్గుకా?”

ఆ పలుకుతో వీరుని నిద్రాణశక్తి మేల్కొనెను. ఆతడు ఉసిరినీడను బొటానికల్ కన్నుతో గాక బస్సు కన్నుతో చూచెను. చూడగా, బుట్టలు కూర్చుండి యున్నవి, మనుషులు పరుండి యున్నారు, ఒక పులుసుగిన్నె ఇద్దరి చోటు కాజేసినది.

“కూర్చున్నోళ్ళదే సీటన్నావు. మేం లెయ్యం,” అనెను ఆదిశేషమ్మ.

“లెయ్యొద్దు,” అనెను హజరత్తయ్య. “జరుగు.”

పిమ్మట మేఘగంభీరకంఠమున గర్జించెను. “జరగాల, జరగాల, లోపలికి జరగాల. అమ్మా, ఆ బుట్టకి సీటు లేదు, ఒళ్ళో పెట్టుకో. పెద్దాయనా, మోకాలు మడువు, టికెట్టు లేకుండా బయటికి పోతుండాది. మానుకి ఆనుకున్నాయనా, ఇది నిద్రపోయే బండి కాదు. బావా, ఆడ జాగా ఉండాది, ఎక్కు.”

ఏమి చిత్రము. ఆజన్మము బస్సులెక్కిన దేహములు గదా, ఆ కంఠము చెవిని బడినంతనే మెదడు నడుగకయే జరిగెను. ఆదిశేషమ్మ సైతము జరిగి, జరిగినందుకు తనలో తాను విసుగుకొనెను. విస్తళ్ళు విస్తరించెను. వడియాలు ఇటునుండి అటు పోయెను, దోసకాయపప్పు అటునుండి ఇటు వచ్చెను. పదునేనుగురి నీడన ఇరువదియైదుగురు పట్టిరి.

పట్టనివాడు ఒక్కడే. హజరత్తయ్య ఒక పాదము నీడలో, ఒక పాదము ఎండలో నిడి, వంగిన కొమ్మను బస్సు కమ్మీవలె పట్టుకొని నిలిచి, వియ్యంకుని నోరే చూచుచుండెను. చంద్రమౌళి పులిహోర ముద్ద నమిలెను. పైనున్న కాయలను చూచెను. మింగెను.

“బావా,” అనెను, “ఈ యేడు పడిశం తగ్గలా.”

మహాలక్ష్మి కొంగు నోటికడ్డము పెట్టుకొని నవ్వెను. ఆమె నవ్వు చూచి ఆదిశేషమ్మ పులుసుగిన్నె ఒడిలోనికి దీసికొని, తన క్రిందినుండి పచ్చతువ్వాలు లాగి, దులిపి, ఖాళీయైన మూరెడు నేలపై పరచెను.

“తువ్వాలేసినా అన్నా. ఎవురొచ్చినా ఇయ్యను. కూర్చో.”

ముప్పదియొక్క సంవత్సరములు నిలిచిన వాడు, పరచిన గుడ్డకు ఏనాడును తలవంచని వాడు, ఆ గుడ్డను చూచి, ఒక్క క్షణము తటపటాయించి, కూర్చుండెను. జనులారా, చాటుడు: సింహపురి వనమున, కార్తీక ఆదివారమున, హజరత్తయ్య మూరెడు ఉసిరినీడను జయించెను. ఎడమ మోకాలు మాత్రము ఎండలోనే మిగిలెను.